మధ్య గీత

“తలుపు వెయ్యి. చెప్పులు బయట వదలకు, లోపలికి తెచ్చెయ్,” అంది అక్క గొంతు తగ్గించి.

తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. సొంత అక్క ఇంటికి దొంగలా రావడం అతనికి ఇదే మొదటిసారి. ఇళ్ళకు ప్లాన్లు గీసే బావ, సైటు చూడ్డానికి వెళ్ళాడు. మూడింటిదాకా రాడు. లెక్కల టీచరైన అక్క తలనొప్పని సెలవు పెట్టింది.

“తెచ్చావా?”

తెచ్చాడు. పెన్‌డ్రైవంత డాంగిల్, జానెడు యాంటెనా, లాప్‌టాప్. వృత్తికి లిఫ్టు మెకానిక్కే అయినా, రెండు వారాలుగా అతనికి ఈ సాఫ్ట్‌వేర్ రేడియో పిచ్చి పట్టుకుంది. గాల్లో తిరిగే సిగ్నళ్ళని డాంగిల్ పట్టుకుంటుంది. మిగతా పనంతా లాప్‌టాప్‌లోని ప్రోగ్రాం చూసుకుంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ నంబరు కొడితే అది తెర మధ్యలోకి వస్తుంది, సిగ్నల్ ఉన్నచోట గీత లేస్తుంది. నేర్చుకున్నది ఇంతే అయినా, కనిపించిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పి ప్రాణం తీస్తున్నాడు. అలా ఒక పాఠం విన్నాకే అక్క కబురు పెట్టింది.

“మీ బావ ఇంట్లో ఎక్కడో మైకు పెట్టాడ్రా. నేను అమ్మతో ఫోన్లో అన్న మాట సాయంత్రానికల్లా ఆయన నోట్లో ఉంటోంది.” అక్క కళ్ళు తుడుచుకుంది. “అదే గనక దొరికిందా, ఈ పూటే పెట్టె సర్దుకుని నీతో వచ్చేస్తా.”

తమ్ముడికి నమ్మబుద్ధి కాలేదు. తనకి మొదటి ఉద్యోగం ఇప్పించింది బావే. బైకు నేర్పిందీ బావే. కానీ ఈమధ్య ఫోనొస్తే చాలు, గదిలోకి పోయి తలుపేసుకుంటున్న మాట నిజమే. పోయిన వారం భోజనాల దగ్గర బావ ఊరికే నవ్విన నవ్వు కూడా ఇప్పుడు తేడాగా అనిపించింది.

“పైగా ఆయన కూడా ఇలాంటి రేడియోనే కొంటున్నాడట. ఆయన మాటలే ఎవరో వింటున్నారని అనుమానమట. ఎంత నటనో చూడు!”

“నీతో అన్నాడా?”

“నాతో ఎందుకంటాడు? ఎవరితోనో ఫోన్లో అంటుంటే వినపడింది.”

ముందు హాల్లో మొదలుపెట్టారు. తెర వెలగ్గానే సరిగ్గా మధ్యలో ఒక గీత నిటారుగా లేచింది.

“అదిగో!” అక్క అతని భుజం పట్టేసుకుంది.

“అబ్బా, అది కాదక్కా. అది డాంగిల్ సొంత లోపం. ఏ నంబరుకి పో, సరిగ్గా మధ్యలో తయారుగా ఉంటుంది. కొత్తవాళ్ళంతా దాన్ని చూసే బోల్తా పడతారు.”

మొదటి రోజు ఆ గీత వెంట తను రెండు గంటలు పరిగెత్తిన సంగతి మాత్రం చెప్పలేదు.

“అంటే దాన్ని ఎవరూ పట్టించుకోరా?”

“అస్సలు.”

వంటగదిలో ఒక సిగ్నల్ టక్కున లేచి పడిపోయింది. అది పక్కింటివాళ్ళ వైరు లేని కాలింగ్ బెల్. పడకగదిలో ఇంకోటి కనిపిస్తే ఇద్దరూ తెర మీదికి వంగారు. తీరా చూస్తే కింద ఎవరో రిమోట్‌తో కారు తాళం వేస్తున్నారు.

ఇక మిగిలింది బావ గది. అక్క దగ్గర దానికి మారుతాళం ఉంది.

“కాగితాలు కదపకు, ఇట్టే కనిపెట్టేస్తాడు. బల్లలూ అరలూ నేను వెతికేశాను. నువ్వు దీంతోనే చూడు.”

“ఏ నంబరు దగ్గర చూడమంటావ్?”

“ఇలాంటివి నాలుగొందల ముప్పైమూడు పాయింట్ తొమ్మిది దగ్గర ఉంటాయట. ఎక్కడో చదివాను.”

అతను ఆ అంకెలే కొట్టాడు. మధ్యలో గీత లేచింది. దానికి అటూ ఇటూ అంతా ఖాళీ.

“గీత ఇక్కడ కాస్త లావుగా లేదూ?”

“గంట నుంచి నడుస్తోందిగా, వేడెక్కింది,” అన్నాడు తమ్ముడు, రెండు వారాల అనుభవాన్నంతా గొంతులోకి తెచ్చుకుని.

“ఒకవేళ నిజం సిగ్నలే దాని కింద దాక్కుంటే?”

“సరిగ్గా మధ్యలోకే వచ్చి కూర్చోడానికి దానికేమైనా ముహూర్తం పెట్టారా అక్కా?”

అక్క తెరని చాలాసేపు చూసింది. తమ్ముడు గది నాలుగు మూలలా యాంటెనా తిప్పి, లాప్‌టాప్ మూసేశాడు. అతనికి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

“ఏమీ లేదక్కా. బావ అలాంటివాడు కాదు. అనవసరంగా నీ మనసు నువ్వే పాడుచేసుకున్నావ్.”

అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది. “ఇంత చూసినా నీకే దొరకలేదంటే, ఇంకెవరికీ దొరకదు కదూ?”

“ఛాన్సే లేదు.”

“మీ బావ ఆ రేడియో కొంటే నువ్వే దగ్గరుండి నేర్పరా. ఆ మధ్య గీత సంగతి ముందే చెప్పు. పాపం, చూసి కంగారుపడతాడు.”

తప్పకుండా చెప్తానన్నాడు తమ్ముడు. ఉత్తపుణ్యానికి అనుమానించినందుకు మనసులోనే బావకి దండం పెట్టుకుని, తేలిగ్గా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్క తలుపు గడియ పెట్టి, బావ గదిలోకి వెళ్ళి, మూడు నెలల కిందట తన చేత్తోనే ఆయన బల్ల అడుగున అంటించిన అగ్గిపెట్టెంత మైకుని ఊడదీసి, కొత్త బ్యాటరీ వేసి, మళ్ళీ అక్కడే అంటించింది.