ఇరుకు దారిలో మాట

"బొమ్మ చూడమ్మా, అద్దంలా ఉంది! దీన్ని మార్చాలంటావేంటి?" అన్నాడు మేనేజరు ఇంజనీరమ్మాయితో, పైన కెమెరా ఉన్న టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి. ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా భూతద్దం అంటారు.

తెర మీద ఇంజనీరు వాళ్ల అన్నయ్య ఉన్నాడు. అతనికి పుట్టుకతోనే వినబడదు. చేతి సైగలే అతని మాటలు. చెల్లెలు చేస్తున్న వీడియో కాల్ పరీక్ష కోసం కిక్కిరిసిన రైల్వే స్టేషన్లో, ఫోను ఓ బల్ల మీద ఆనించి నిలబడ్డాడు. చెయ్యి సగం గాల్లోకి లేచి, అక్కడే బిగుసుకుపోయింది.

"అద్దంలానే ఉంది సార్. కానీ అన్నయ్య ఏదో చెబుతున్నాడు. ఆ చెయ్యి కదిలితే కదా నాకు అర్థమయ్యేది!"

"సిగ్నల్ లేకపోతే మనమేం చేస్తాం?"

"సిగ్నల్ ఉంది సార్. అంతమంది ఒకేచోట ఫోన్లు వాడుతుంటే దారి ఇరుకవుతుంది. అందులోకి మనం బొమ్మంతా ఒకేసారి తోస్తున్నాం. నా పద్ధతిలో ముఖం, చేతులు ముందు వెళ్తాయి. మిగతాది సందు దొరికినప్పుడు."

"అయితే చూపించు. కుదరకపోతే ఈ పని ఇంతటితో ఆపేస్తాం. మళ్లీ నా చెవిలో జోరీగలా రొద పెట్టకూడదు."

"అలాగే సార్," అంది తడుముకోకుండా. రెండు వైపులా తన పద్ధతికి మార్చింది.

స్టేషన్లో జనం, రైలు, గోడలు మసకబారాయి. అన్నయ్య చేతులు మాత్రం చకచకా ఆడాయి. ఆమె కూడా సైగలతోనే జవాబిచ్చింది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టే ఉంది ఇద్దరి వరస.

భూతద్దం మొహం చిట్లించాడు. "వెనక బోర్డు మీద అక్షరాలే కనబడట్లేదు!" అన్నాడు. తర్వాత పక్కనున్న అసిస్టెంటు వైపు వంగి, గొంతు పైకి రాకుండా ఏదో గొణిగాడు. అసిస్టెంటు గంగిరెద్దులా తలాడించాడు.

"లాభం లేదమ్మా. పాతదే ఉంచేద్దాం," అన్నాడు మేనేజరు, ఈసారి పైకి, గంభీరంగా.

ఆమె ముఖం వాడిపోలేదు. తెర మీద అన్నయ్య చేతులు ఇంకా జోరందుకున్నాయి. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేసింది.

"ఏంటట?" అన్నాడు మేనేజరు.

"పెదాల కదలికను బట్టి అన్నయ్య మాటలు పోల్చుకుంటాడు సార్. 'పిల్ల పని అదరగొట్టింది, ఒప్పుకుంటే రేపు నా కుర్చీకే ఎసరు పెడుతుంది' అని ఇందాక మీరు అసిస్టెంటుగారితో అన్నారట!"