పత్తికొండ లైను

"పేరు పెట్టి పిలువు అవ్వా. అప్పుడే అవతలోళ్ళు మైకు ఆయనకిస్తారు," అంది శివలీల.

హంపమ్మ పిలవలేదు. కొంగు సర్దుకుని గోడ వైపు చూసింది.

"ఆయమ్మ మొగోళ్ల పేర్లు పలకదులే పాపా," అంటూ లక్ష్మక్క మైకు దగ్గరికి వంగింది. "సుంకప్పగారూ, పాట ఎత్తుకుంటాండాం. జవాబు మీదే."

చేనేత సంఘం మూతబడ్డాక ఆ గది చాలాకాలం గబ్బిలాలకే పనికొచ్చింది. ఇప్పుడందులో ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒక మైకు ఉన్నాయి. పల్లెల్లో ముసలివాళ్ళు ఒంటరిగా కుమిలిపోతున్నారని కడపలో ఒక సంస్థకు తోచింది. శుక్రవారం పూట నెట్‌లో ఊరికీ ఊరికీ కలిపి పాటలు పాడిస్తోంది. కరెంటు ఉంటేనే అనుకోండి. లైను బక్కది కాబట్టి బొమ్మ రాదు, గొంతు మాత్రం వస్తుంది. అది కూడా కాస్త ఆలస్యంగా వస్తుంది. అందుకని అందరూ కలిసి పాడే పాటలు పనికిరావు. ఒకరు అడిగితే ఇంకొకరు బదులిచ్చే సవాలు జవాబు పాటలే కుదిరాయి.

హంపమ్మ గొంతు సవరించుకుంది.

"అలిగి పోయిన పొద్దు యాడ దాగుండాదో..."

స్పీకరు కాసేపు గరగరలాడింది. తర్వాత బస్సులో అరగంట దూరంలోని పత్తికొండ సెంటరు నుంచి ముసలి గొంతొకటి నిదానంగా వచ్చింది.

"అలగలేదే పొద్దు, మబ్బు అడ్డమాయె..."

లక్ష్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్న ఈరన్న తాత తల వంచుకుని ఆకూవక్కా నములుతున్నాడు. ఈ వయసులో ఎగతాళేమిటని శివలీలకు వాళ్ళ మీద కోపం వచ్చింది. ఆమెది బనగానపల్లె. ఈ సెంటరు నడిపే ఉద్యోగానికొచ్చి పక్క గదిలోనే ఉంటోంది. ఊళ్లో వీధులు కూడా ఇంకా సరిగా తెలియవు.

పాట అయిపోయింది. అందరూ లేచిపోయారు. హంపమ్మ మాత్రం స్పీకరు దగ్గరే కూర్చుంది.

"ఇంటికి పోవా అవ్వా?"

"పోయి ఏం జేసేది? మగ్గం అమ్మినప్పటి నుంచి మా ఇంట్లో మాటా పలుకూ లేదు. వారమంతా నోరు కట్టేసుకునే ఉంటా పాపా. శుక్రవారం ఈడికొచ్చి విప్పుతా."

శివలీలకు జాలేసింది. అందుకే మరుసటి వారం కడప సంస్థలోని జ్ఞానేశ్వర్ సార్ ఫోన్ చేసి చెప్పిన కబురు విని సంబరపడింది. పత్తికొండ సెంటరు ఎత్తేస్తున్నారు. అక్కడి ముసలివాళ్ళను శుక్రవారం జీపులో ఇక్కడికే తెస్తారు.

ఆ మాట వినగానే హంపమ్మ మొహం మాడిపోయింది.

"వద్దు," అంది.

"ఎందుకొద్దు? సుంకప్ప తాత నీ ఎదురుగానే కూచుని పాడతాడు. గరగర ఉండదు, కరెంటు పోతాదనే భయమూ ఉండదు."

"ఎదురుగా కూచుంటే నాకు నోరు పెగలదు. ఆయప్పకూ పెగలదు."

"సిగ్గేంది అవ్వా, ఈ వయసులో?"

"సిగ్గు కాదు." హంపమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ లైను తీసేస్తే నాకు మాట్లాడే దారి యాడుండాది? మీ సార్‌కు చెప్పు పాపా. నీ కాళ్ళు మొక్కుతా."

శివలీల ఫోన్ చేసింది. జ్ఞానేశ్వర్ విసుక్కున్నాడు.

"ఒంటరితనం పోవాలంటే మనిషికి మనిషి కలవాలి గదమ్మా. కలవమంటే ఏడ్చేదేంది?"

"నాకూ అర్థం కాలే సార్. కానీ లైను తీస్తే అవ్వ రాదు. అవ్వ రాకుంటే ఈడ పాటే లేదు."

అవతల ఆయన ఎవరితోనో ఏదో మాట్లాడాడు. చివరికి, "సరేలే, ఉండనీ," అన్నాడు.

ఆ మాట రేపటిదాకా దాచుకోవడం శివలీల వల్ల కాలేదు. లక్ష్మక్కను తోడు తీసుకుని దీపాలు పెట్టే వేళకు హంపమ్మ ఇంటికి వెళ్ళింది. అరుగు మీద ఒక ముసలాయన సంగటి తింటున్నాడు. హంపమ్మ నీళ్ల చెంబు తెచ్చి, ఆయన మొహం చూడకుండా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"ఎవరక్కా ఆయన?" శివలీల గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకెవరు, హంపమ్మ మొగుడే. తనకు చెప్పకుండా మగ్గం అమ్మినాడని ఆయమ్మ మాట మానేసింది. మానేస్తే నాకేమని ఈయప్ప ఒట్టు పెట్టుకున్నాడు. ముందు పలికినోళ్ళు ఓడినట్లంట. మొండోడు రాజు కన్నా బలవంతుడంటారు. ఈడ ఇద్దరూ మొండోళ్ళే."

మొగుణ్ణి పక్కన పెట్టుకుని ఇన్నేళ్లుగా ఈ అవ్వ పడుతున్న ఒంటరితనం తలుచుకుంటే శివలీలకు ముసలాయన మీద ఒళ్ళు మండింది. ఆయన్ను పలకరించకుండానే గడప దాకా వెళ్ళింది.

"అవ్వా, పత్తికొండ లైను తీయరంట. సార్ ఒప్పుకున్నాడు."

హంపమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

వెనక అరుగు మీద ముసలాయన కంచం పక్కకు జరిపాడు.

"శానా మంచి పని జేసినావు తల్లీ," అన్నాడు.

ప్రతి శుక్రవారం పత్తికొండ నుంచి స్పీకర్లో వినపడే గొంతు అదే.