అరగంటలో వాన

"వచ్చిందా నాయనా?"

"ఇప్పుడే వచ్చిందమ్మా. అరగంటలో నగరిలో పెద్ద వాన అని ఉండాది."

"అది టెస్టు. వాన రాదు. మెసేజ్ రాగానే నాకు చెప్పు, చాలు."

సుజన గడియారం చూసింది. మెసేజ్ పంపి ముప్పావుగంట. తిరుపతిలో ఆమె పనిచేసే చిన్న ఆఫీసు ఊళ్లకు వాన కబుర్లు పంపుతుంది. అరగంట ముందు అందాల్సిన కబురు వాన వెలిశాక అందుతోంది. పోయిన నెల అలాగే అందింది. నగరి వీధిలో నాయన దేవరాజులు బారుగా పరిచి గంజి పెట్టిన పడుగు నూలు తడిసి ముద్దయింది. ఇంకొకటి తడిస్తే ఆయన మగ్గం ఆపేయాల్సిందే. ఆయన తిట్టింది వానను, ఆమెను కాదు. అందుకే ఆమెకు మరీ బాధేసింది.

"జబ్బు దొరికింది సార్," అంది సుజన. "ఉపగ్రహం ఫొటోలు, వాన మెసేజీలు ఒకే క్యూలో పోతున్నాయి. ఒక్కో ఫొటో కొండంత. దాని వెనక మెసేజ్ పడిగాపులు కాస్తోంది."

"తిరుపతిలో ఉండి క్యూ సంగతి నన్నడుగుతావామ్మా?" అన్నాడు ఆఫీసరు కృష్ణమూర్తి, నవ్వకుండా. "చంటిబిడ్డల తల్లులకు పెట్టినట్టు దానికీ వేరే లైను పెట్టు."

పెట్టింది. నాయన ఫోనుకి మళ్లీ టెస్టు పంపింది.

"కాఫీ తాగేలోపల వచ్చిందమ్మా!"

ఇంకొంచెం సవరించింది. మళ్లీ పంపింది. ప్రతిసారీ అదే వాక్యం.

"టెస్టు అని రాయకూడదా?" అన్నాడు కృష్ణమూర్తి.

"అసలుది ఎలా పోతుందో అచ్చం అలాగే పోవాలి సార్."

వారం తిరిగేసరికి మెసేజ్ రెప్పపాటులో నగరి చేరింది. కృష్ణమూర్తి ఆఫీసంతటికీ మైసూరుపాకు పంచాడు. సుజన ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పుతుండగా ఫోన్ మోగింది.

"వచ్చిందమ్మా!"

"ఏం వచ్చింది నాయనా?"

"అదేమ్మా, నీ మెసేజ్. వచ్చి అరగంటయింది. చేతుల నిండా గంజి, ఇప్పుడే కడుక్కున్న్యా. ఈతూరి వీధిలో అందురికీ వచ్చింది. వాళ్లు పడుగులు సుట్టబోతా ఉంటే, మా పాప టెస్టులేబ్బా అని నేనే ఆపినా."

ఆ రోజు సుజన టెస్టు పంపలేదు.