రెమీ నింపిన పీపా

"దీన్లో ఎవరు పోశారు?"

ఆర్మాన్ నోట్లోని వైన్ నేలమాళిగ రాళ్ళ మీద ఉమ్మేసి కోడలు ఒదీల్ వైపు తిరిగాడు. పైన వాకిట్లో ఊరివాళ్ళు గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు తెరిచింది ఆమె భర్త రెమీ చేతిమీదుగా నిండిన ఆఖరి పీపా. నింపిన నెలకే తోట వాలులో ట్రాక్టరు తిరగబడి అతను పోయాడు. పసుపు వైన్ పీపాలో ఊరాల్సిన ఆరేళ్ళ మూడు నెలల గడువు ఈ ఉదయంతో తీరింది.

"నేనే, మామయ్యా. పోయిన కోతలప్పుడు, రెండు బకెట్ల కొత్త వైన్."

"మతి ఉందా నీకు? నిన్నగాక మొన్న కాపురానికొచ్చావా? ఈ కొండ మీద పసిపిల్లలకి కూడా తెలుసు, పసుపు వైన్ పీపాలో చుక్క కలపకూడదని. గాలికి ఆవిరై వెలితి పడితే పడనివ్వాలి. పైన కట్టిన పొర చెదిరిందంటే లోపలిదంతా పులిసి చస్తుంది."

"తెలుసు."

"తెలిసే పోశావా?"

అతను గ్లాసు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అక్రోటు వాసన రావాలి, తమ తోట నీలి మట్టి వాసన రావాలి. ఘాటైన పులుపు కొట్టింది. ఒదీల్‌కి ఏడుపు ఆగలేదు. రెమీ పోయిన రోజున కూడా ఇంతగా ఏడవలేదు. ఆ రోజుకి ఈ పీపా అయినా మిగిలి ఉంది.

"వాణ్ణి రెండోసారి పాతిపెట్టావు," అన్నాడు ఆర్మాన్.

"ఏం చెయ్యను మామయ్యా? రోజూ సాయంత్రం వచ్చి పీపా తట్టి చూసేదాన్ని. ఏటికేడాది బోలు చప్పుడు కిందికి దిగిపోయేది. మిగతా పీపాలు మూడోవంతు తగ్గితే ఇదొక్కటీ అడుగంటింది. చెబితే బెంగపెట్టుకుంటారని మీతో అనలేదు. ఆయనది ఒక్క గుక్కయినా మిగలదేమోనని భయమేసింది. మన వాలులో పండిందే తెచ్చి పోశాను. ఆ పాడు గాలి అన్నిటినీ వదిలేసి ఈ పీపా మీదే పగబట్టింది."

ఆర్మాన్ గ్లాసు పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు. కోడలి చెయ్యి పట్టుకున్నాడు.

"గాలి కాదు తల్లీ. పోయిన కోతల దాకా, నువ్వు తోటకెళ్ళగానే, వాడితో కూర్చున్నట్టుంటుందని, రోజూ దీన్నుంచి ఒక చిన్న గ్లాసు నేనే పట్టుకుని తాగేవాణ్ణి."