నంబరు గీకినోడు

“థూ! వీడూ ఒక మనిషేనా?”

గ్లోరీ చేతిలోని సర్క్యూట్ బోర్డును రిపేరు బల్లమీద పడేసింది. నారమ్మ ముందుకు వంగి చూసింది. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో, బోరు మోటరు స్టార్టర్ డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చింది ఆమె.

“ఏమైంది బిడ్డా? మొత్తం ఖరాబైందా?”

“కాలింది ఈ నల్ల బిళ్ల ఒక్కటే, ఐసీ అంటరు అత్తా. కొత్తది ఏస్తే పది నిమిషాల పని. కానీ ఏదని ఎయ్యాలె? నెత్తిమీద నంబరుండాలె. ఎవడో ఉప్పుకాగితం పెట్టి నున్నగా గీకిండు.”

“ఎందుకట్ల?”

“ఇంకొకడు బాగు చెయ్యొద్దని! మళ్ల చెడిపోతే సచ్చినట్టు వాని దగ్గరికే రావాలని. గింత నీచం ఏడన్న ఉంటదా?”

నారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎకరం అల్లం వేసింది. ఇప్పుడిప్పుడే మొలక పైకొస్తోంది. మూడు రోజులుగా బోరు బంద్. ఇంకో రెండు రోజులు తడి లేకుంటే విత్తనంతో సహా మట్టిపాలే. స్టార్టర్ లేకుండా కరెంటు కలుపుదామంటే, పోయినేడు అట్లాగే చేసి మోటరు కాలబెట్టుకుంది.

“వాని చెయ్యి పడిపోను!” అని మెటికలు విరిచింది. అంతలోనే మూలకు చూసి నాలుక కరుచుకుంది. “నిన్ను కాదన్నా.”

మూలన కుర్చీలో గ్లోరీ తండ్రి సాల్మన్ ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఈ దుకాణం నడిపినవాడు. ఏడాది కింద పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి రెండూ పోయాయి. ఎడమచెయ్యి పైకెత్తి “ఆ… ఆ…” అంటున్నాడు.

“ఫ్యాన్ పెంచమంటున్నడేమో,” అంది నారమ్మ. గ్లోరీ ఫ్యాన్ పెంచింది.

ఐసీ మీద సుద్దముక్క రుద్ది చూసింది. టార్చిలైటు పక్కనుంచి కొట్టి చూసింది. ఒక్క అంకె కూడా తేలలేదు. హైదరాబాద్‌లో సామాన్లు అమ్మేవాడికి ఫోన్ చేస్తే, “నంబరు లేకుండ నేనేమియ్యాలె మేడం?” అని పెట్టేశాడు. గుడ్డిగా ఏదో ఒకటి వేస్తే బోర్డే మాడిపోతుంది.

“ఇంతకుముందు దీన్ని ఎవరు బాగుచేసిన్రు అత్తా?”

“నాకేమెరుక? రాయికోడ్‌ల పాతది కొన్న.”

“గా బస్టాండు కాడి మాణిక్‌గాడే అయ్యుంటడు. ఛీ! గీ పని చేసి తినే బదులు అడుక్కతినొచ్చు. మా నాయిన ముప్పై ఏండ్లు ఇదే పని చేసిండు. జహీరాబాద్‌ల ఎవ్వరినన్న అడుగు, ఒక్కడు ఏలెత్తి చూపడు. నాయినా, నువ్వు జేద్దువా గిట్ల?”

సాల్మన్ చెయ్యి దించలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. నోటి మూల నుంచి చొంగ కారుతోంది.

“చూడత్తా, నాకంటే ఆయనకే ఎక్కువ మండుతుంది,” అని గ్లోరీ తువ్వాలుతో తండ్రి నోరు తుడిచింది.

నారమ్మ లేచి డబ్బా మూత పెట్టుకుంది. “పోత బిడ్డా. నా నసీబే గింత.”

ఆమె గడప దాటబోతుండగా సాల్మన్ కుర్చీలోంచి లేవబోయి కిందికి జారాడు. ఇద్దరూ ఉరికొచ్చి పట్టుకున్నారు. అప్పుడు కూడా ఆయన వేలు అటక మీదికే ఉంది. అక్కడ తుప్పు పట్టిన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది.

“ఆకలైతుందా నాయినా? అది పాతది, అండ్ల బిస్కెట్లు లేవు.”

ఆయన వినలేదు. పిల్లవాడిలా ఏడుస్తూ అటే చూపించాడు. ఆయన్ను ఊరుకోబెట్టడానికి గ్లోరీ స్టూలెక్కి డబ్బా దించి, చెంచాతో మూత తీసింది.

లోపల పదో పన్నెండో, అచ్చం నారమ్మ బోర్డు మీదున్నలాంటి ఐసీలే ఉన్నాయి, ఒక్కదాని నెత్తిమీదా నంబరు లేదు, వాటిపైన మడిచిపెట్టిన ఉప్పుకాగితం ముక్క మధ్యలో అరిగిపోయి ఉంది.