పేరు లేని ముక్క

పాత డిస్కును శుభ్రంగా తుడిచేశాకే, కొత్త డిస్కులో తన భార్య ప్లాన్లు లేవన్న సంగతి పళ్ళ డాక్టరుకి తెలిసింది.

ఆమె భవనాల ప్లాన్లు గీస్తుంది. నెలల తరబడి గీసిన స్కూలు ప్లాను రేపు పొద్దున్నే అప్పగించాలి. ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదు, షాపులో ఇచ్చి పెద్ద డిస్కు వేయిద్దామని ఆమె అంది. "షాపెందుకు, నేను లేనా?" అన్నది మాత్రం ఇతనే. మనుషుల నోళ్ళలో ఇరుకు సందుల్లో మరలు బిగించేవాడికి ల్యాప్‌టాప్ ఒక లెక్కా?

మరలు నిజంగానే అద్భుతంగా విప్పాడు. పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానిలోకి కాపీ చేశాడు. కొత్తది బిగించాడు. ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది. ఆ సంబరంలో, సినిమాలు దాచుకోవడానికి పనికొస్తుందని పాతదాన్ని ఖాళీ చేసేశాడు. తీరా చూస్తే కొత్తదానిలో 'సి' డ్రైవు ఒక్కటే కనిపిస్తోంది. ప్లాన్లుండే 'డి' లేదు. అంత డబ్బు పోసి కొన్న కొత్త చోటు కూడా ఎక్కడా లేదు.

పని జరిగేచోటికి వెళ్ళిన భార్య సాయంత్రానికి వచ్చేస్తుంది. వచ్చీ రాగానే ల్యాప్‌టాప్ అడుగుతుంది.

హాల్లో అత్తగారున్నారు. కట్టుడుపళ్ళు సరిచేయించుకోవడానికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోయారు. సోఫాలో కూర్చుని ఎప్పుడూ ఫోను చూసుకుంటూ ఉంటారు. పేకాట అయి ఉంటుందని అల్లుడి అంచనా. "ఏం చేస్తున్నారు బాబూ?" అని పొద్దున ఆవిడ అడిగిన పాపానికి, డిస్కంటే దవడలాంటిదనీ, అందులో భాగాలు పళ్ళలాంటివనీ చాలాసేపు విడమరిచి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "అలాగా" అన్నారు.

ఇప్పుడు ఆ పాఠం తల్చుకుంటే అతనికే సిగ్గేసింది.

ఎవరు చేర్చారో ఏమో, అతని ఫోనులో 'కంప్యూటర్ కష్టాలు' అనే గ్రూపు ఒకటి చాలాకాలంగా పడి ఉంది. అందులో ఎవరి అసలు పేరూ కనిపించదు. సిగ్గు విడిచి, తను పళ్ళ డాక్టరునన్న సంగతితో సహా జరిగిందంతా రాసేశాడు. వెంటనే 'పాతచెయ్యి' అనే ఒకరు పలికారు. డిస్కు ముక్కలన్నీ వరసగా కనిపించే చోటు ఎలా తెరవాలో చెప్పి, ఎడమనుంచి కుడికి ఏమేం ఉన్నాయో రాయమన్నారు.

"సి ఉంది. దాని పక్కన పేరు లేని ఖాళీ ముక్క. ఆ పక్కన ఇంకా పెద్ద ఖాళీ. మధ్యముక్క అడ్డంగా ఉంది. పీకెయ్యమంటారా?"

వృత్తి అలాంటిది. అడ్డం కనిపిస్తే పీకడం, ఖాళీ కనిపిస్తే పూడ్చడం తప్ప మూడో ఆలోచన రాదు.

జవాబు రాలేదు. మౌసు బాణం 'డిలీట్' మీద నిలబడి ఉంది. ఇక ఆగలేక నొక్కడానికి వేలు ఎత్తాడు.

"నా కళ్ళజోడు ఇక్కడేమైనా పెట్టానా బాబూ?" అంటూ అత్తగారు లోపలికి వచ్చారు. అతని భుజం మీదుగా బల్లంతా చూశారు. "ఆ చెయ్యి కాస్త తియ్యండి, కింద ఉందేమో."

చెయ్యి తీశాడు. "మీ తలమీదే ఉంది అత్తయ్యగారూ."

"పాడు మతిమరుపు," అనుకుంటూ ఆవిడ వెళ్ళిపోయారు.

కాసేపటికి ఫోనులో పాతచెయ్యి జవాబు మోగింది. "పీకకండి. మీరు ఖాళీ అన్న మధ్యముక్క ఖాళీ కాదు. దాని తల మీద గీత నీలంగా లేదూ?"

చూశాడు. నీలంగానే ఉంది. కళ్ళతో చూడకుండానే కనిపెట్టేశారంటే ఎంత అనుభవం ఉండాలి! గురువంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

"నీలమే. ఇందాకే నొక్కేసేవాణ్ణి," అని రాశాడు. "మధ్యలో మా అత్తగారు వచ్చి అడ్డుపడ్డారు. పాతకాలం మనిషి. ఇవేవీ తెలియవు."

ఈసారి జవాబుకి కొంచెం సమయం పట్టింది.

"పాపం పెద్దావిడ. ముందు పని చూడండి. తల నల్లగా ఉంటేనే ఖాళీ. నీలంగా ఉంటే లోపల కాపురం ఉన్నట్టు. గుమ్మం మీద పేరు రాలిపోయింది, అంతే. దానికి డి అని పేరు పెట్టండి."

పెట్టాడు. డి ప్రత్యక్షమైంది. తెరిచాడు. స్కూలు భవనం మెట్లతో, కిటికీలతో, ఆటస్థలంతో చెక్కుచెదరకుండా ఉంది. తను నొక్కబోయిన మీట గుర్తొచ్చి మౌసు మీంచి వేలు తీసేశాడు.

"మరి ఆ నల్లటి ఖాళీ? సి కి కలిపెయ్యనా?"

"మధ్యలో డి ఉండగా దాన్ని దాటించి ఎలా కలుపుతారు? పక్కనే ఉన్న డి కే ఇచ్చెయ్యండి. చోటు కావలసింది ప్లాన్లకే కదా."

ఒక్క నొక్కు. నల్లగీత మాయమై, డి ఆ చివరిదాకా సాగింది. కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపటి తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

"మా ఆవిడకి తెలిస్తే జన్మంతా దెప్పేది. ఇంట్లో నా పరువు నిలబెట్టారు. మీరెవరో చెప్పండి గురువుగారూ, మీ ఇంటిల్లిపాది పళ్ళూ ఉచితంగా చూస్తాను," అని రాశాడు.

జవాబు వెంటనే వచ్చింది.

"అమ్మాయితో నేనేమీ అననులెండి, అల్లుడుగారూ."