ఫ్లాస్కులో కాఫీ

పున్నయ్య కూతురి నోట్సు పుస్తకం తెరిచాడు. ఎదురుగా కూర్చున్న పెళ్లికొడుకు మహేంద్ర గొంతు సవరించుకున్నాడు. పక్కనే అతని తల్లి కొంగు నలుపుకుంటోంది.

"మా బిందు దేవేంద్ర నగర్‌లో వెబ్ డిజైన్ పాఠాలు చెబుతుంది. దాని పనేమిటో తెలియనివాడికి పిల్లనివ్వను. ఇందులోంచి అడుగుతా. ఒక్క గల్తీ అయినా చలో, నమస్తే!"

పున్నయ్య రైల్వేలో గార్డు. పచ్చజెండా అంత తేలిగ్గా ఊపడు. రాయ్‌పూర్‌లో తెలుగు సంబంధం దొరకడమే గగనమైతే, ఇప్పటికే ఇద్దరిని ఇలాగే తిప్పి పంపాడు. ఈ మూడోవాడు ధర్సీవా స్టీలు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇనుముకీ ఇంటర్నెట్టుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం.

వంటింటి తలుపు వెనక బిందుమాధవి చెవులు రిక్కించి వింటోంది. కుర్రాడు ఆమెకు నచ్చాడు. ఇతన్నీ పంపించేస్తే ఎలా?

"డొమైన్ అంటే?"

"ఇంటి అడ్రసు లాంటిదండి. సైటు పేరు. అది కొడితేనే జనం ఆ ఇంటికి చేరతారు."

"హోస్టింగ్?"

"ఆ ఇల్లు నిలబడ్డానికి అద్దెకు తీసుకునే జాగా అండి."

"హెచ్‌టీఎంఎల్?"

"గోడలూ గుమ్మాలూ. సీఎస్ఎస్ వాటి మీద వేసే రంగులండి."

అడగనిది కూడా చెప్పాడు! పున్నయ్యకు పంతం పెరిగింది. పేజీలు గబగబా తిప్పి చివర్లో ఆగాడు.

"క్యాష్ అంటే? డబ్బు కాదు, బ్రౌజర్‌లో ఉండేది."

మహేంద్ర నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. చెవి వెనక నుంచి చెమట కాలర్‌లోకి జారింది. పున్నయ్య పుస్తకం మూయబోయాడు.

అంతలో వంటింట్లోంచి బిందుమాధవి గొంతు గట్టిగా వినిపించింది.

"అమ్మా, మళ్లీ పొయ్యి వెలిగించడం ఎందుకు? ఇందాక కాచిన కాఫీ ఫ్లాస్కులో ఉందిగా, అదే పోసివ్వు!"

"దీని గోలొకటి!" పున్నయ్య విసుక్కున్నాడు. "జల్దీ చెప్పు బాబూ."

"ఒకసారి తెచ్చిన పేజీని బ్రౌజర్ తన దగ్గరే దాచుకుంటుందండి. మళ్లీ అడిగితే దూరం వెళ్లకుండా అందులోంచే తీసిస్తుంది."

పున్నయ్య నోట్సులో ఆ వరుసను వేలితో సరిచూశాడు.

"శభాష్! పక్కా!" పున్నయ్య మీసం కింద నవ్వాడు. "వెళ్లి మా అమ్మాయితో అయిదు నిమిషాలు మాట్లాడుకో. కొత్త కదా అని మొహమాటపడకు."

వెనక వరండాలో ఇద్దరే మిగిలారు. బిందుమాధవి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, పళ్లు నూరింది.

"ప్రాణం తీశావు కదా మహేంద్రా, ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం మందిర్ హసౌద్ వెళ్లే బస్సులో నీకు నేర్పిందంతా ఏమైంది?"